అంచుకు తడిగుడ్డ

గోదావరిఖని,
మార్చి 9, 2007.

చిరంజీవి సౌభాగ్యవతి బిడ్డ జమునకు మీ అవ్వ లింగవ్వ దీవించి రాయించే సంగతులు.

ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తున్నాం అని సుజిత నన్ను అడగకుండానే రాయబోయింది. ఆపాను. మీ నాయిన క్షేమం, తమ్ముడు సదానందం క్షేమం, కోడలు క్షేమం. నేను క్షేమంగా లేను. ఆ మాట అలాగే రాయమన్నాను. రోగమేమీ లేదు, గోలీలు పంపవద్దు. నా బాధ ఏమిటో చదువుతూ పోతే నీకే తెలుస్తుంది.

సుజిత అంటే మన పక్కింటి సువార్తమ్మ కోడలు, బడిలో పాఠం చెప్పే పిల్ల, నీకు ఎరుకే. నేను ఒక తీరుగా చెబితే ఆ పిల్ల పుస్తకాల తెలుగులోకి దిద్ది రాస్తుంది. నా మాటలు నా తీరుగానే రాయవే అంటే, "పెద్దమ్మా, నా చెయ్యికి గట్ల రాసుడు రాదు. జమునక్క నీ గొంతుతోని చదువుకుంటది తియ్యి" అంటుంది. కాబట్టి నా గొంతుతో చదువుకో. ఫోనులో చెప్పవచ్చు కదా అంటావు. ఫోనులో నేను రెండు మాటలు గట్టిగా అనగానే నీకు మీటింగు వస్తుంది. కాగితానికి మీటింగు రాదు.

కంటి సంగతి అడిగావు. మొన్న సదానందం ఫస్టు షిఫ్టు దిగి వచ్చి నన్ను కంటి క్యాంపుకు తీసుకుపోయాడు. కుడి కంటికి పొర వచ్చిందని, ఎండలు ముదరకముందే తీసెయ్యాలని డాక్టరు చెప్పాడు. నీ ఉత్తరంలోనేమో గొట్టాల లోపల పొర వేయడానికి మూడేళ్లుగా తిప్పలు పడుతున్నామని ఉంది. మీ నాయిన ఆ రెండూ కలిపి, "పొర తీయించుకునెటోళ్లు ఈడ, ఏయించుకునెటోళ్లు ఆడ. నీ కంటిది ఊడదీసి బిడ్డకు పంపరాదే" అని వాడకట్టు అంతా వినేలా అన్నాడు. అననీ. దగ్గు తగ్గింది, నవ్వడానికి ఊపిరి దొరుకుతోంది. నువ్వు పంపిన స్వెటరు మాత్రం తొడగడు, మడత పెట్టి తల కింద పెట్టుకుంటాడు.

నీ పని ఏమిటో నాకు తెలియదనుకోవద్దు. నీ ఉత్తరం సుజిత చేత మూడుసార్లు చదివించుకున్నాను. తెల్లటి మట్టిపిండి పిసికి, బొటనవేలంత లావు, మూరెడు పొడవు గొట్టాలు తీస్తారు. ఆరబెట్టి ఫర్నేసులో కాలుస్తారు. లోపలి గోడకు కంటికి ఆనని సన్న రంధ్రాల పొర పూస్తారు. బొగ్గులోంచి తీసిన గ్యాసును ఆ గొట్టంలోకి వదిలితే సన్న గ్యాసు గోడలోంచి బయటికి ఊరుతుంది, లావు గ్యాసు లోపలే ఉండిపోతుంది. నీళ్లు పోసిన రంజన్ కుండ గోడ చెమర్చినట్టు. రంజన్లు ఆరబెట్టి బతికిన దాన్ని, ఊట అంటే ఏమిటో నాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. గొట్టానికి వెంట్రుకంత పగులు ఉన్నా సన్నదీ లావుదీ అన్నీ దాంట్లోంచే పారిపోతాయి. అప్పుడు అది గొట్టం కాదు, కిటికీ.

మీ గొట్టాలు కొసల దగ్గరే పగులుతున్నాయని రాశావు. కాల్చిన ముప్పై గొట్టాలను నీళ్ల తొట్టిలో ముంచి గాలి వదిలితే ఇరవై రెండింటికి కొసల నుంచి బుడగలు లేచాయని రాశావు. మంట ఎక్కువైందని ఒక సారు, పిండి కలపడంలో తప్పు ఉందని ఇంకో సారు అంటున్నారట. ఈ నెల ముప్పయ్యో తారీఖున కంపెనీ పెద్దలు చూడటానికి వస్తారు, అప్పటికి ముప్పైలో పాతికన్నా మంచి గొట్టాలు చూపించకపోతే మీ పని మూసేసి జపాను నుంచి తెప్పించుకుంటారు. మూడేళ్ల కష్టం బుడగల్లో పోతుంది. ఇదంతా నాకు అర్థమైంది.

ఉత్తరం చివర నన్ను ఒక ప్రశ్న అడిగావు. కుండలు ఆరబెట్టేటప్పుడు అంచులు పగలకుండా మీరేం చేసేవారు అవ్వా, చిన్నమ్మను అడిగితే తనకు తెలియదంటోంది, నా చెయ్యే అంత బిడ్డా, నన్ను ఇంటికి పంపించు అని రోజూ ఒకటే పోరు పెడుతోంది అని. జవాబు చెబుతాను. ముందు నా ఫిర్యాదు విను.

సారక్క నీకు చిన్నమ్మ కావచ్చు. నాకు మరిది గట్టయ్య పెళ్లాం, ఏరాలు. ఎవరు ఎక్కడ నిలబడాలో నువ్వు మరిచిపోయావు.

దసరా అయిన వారానికి నువ్వు వచ్చావు. మీ డిప్లొమా పిల్లల వేళ్లు దిగబడి పచ్చి గొట్టాలు వంకర పోతున్నాయని, మట్టి ఎరిగిన ఆడమనిషి ఒకరు కావాలని కంపెనీని ఒప్పించానని చెప్పావు. నా చాప మీద కూర్చుని, నా చేతి సర్వపిండి తింటూ చెప్పావు. నాకోసమే వచ్చావనుకున్నాను. నువ్వు మాట్లాడుతుండగానే నేను లోపలికి పోయి, రెండు చీరలు, దువ్వెన, అమృతాంజనం సీసా సంచిలో సర్దుకున్నాను. బయటికి వచ్చేసరికి నువ్వు మీ నాయినను అడుగుతున్నావు.

"నాయినా, చిన్నమ్మ నస్పూర్‌లనే ఉన్నదా? ఒక్కతే ఉంటున్నదా?"

"ఉన్నది. గట్టయ్య పోయినకాన్నుంచి ఒక్కతే. ఎందుకే?"

"పట్నం తోలుకపోదామని. మా ల్యాబుల పనికి."

సంచి నా చేతిలోనే ఉంది. "నేనున్న గదనే" అన్నాను.

"నీ మోకాళ్లు నొస్తయి కద అవ్వా. ఆడ దినమంత నిలవడాలె" అన్నావు. నా ముఖం చూడకుండా అన్నావు. మోకాళ్ల మీద ఎవరైనా గొట్టాలు చేస్తారా? ఆ సంచి ఎందుకు సర్దానని నువ్వు అడగలేదు. సంక్రాంతి దాకా దాన్ని నేను విప్పలేదు.

తర్వాత ఫోటో పంపావు. సారక్కకు తెల్ల కోటు, నెత్తికి టోపీ, చేతులకు తొడుగులు. ఫర్నేసు ముందర నిలబడింది. దాని పక్కన నువ్వు, నీ చెయ్యి దాని భుజం మీద. సువార్తమ్మ ఆ ఫోటో చూసి, "మీ ఏరాలు నర్సు పనిల చేరిందా లింగవ్వా?" అని అడిగింది. "ఆఁ, దవాఖానల. కట్లు కడతది" అన్నాను. అబద్ధం ఆడానని సుజిత ఇప్పుడు నవ్వుతోంది. నవ్వుకో, రాయి.

పోయిన నెల సారక్క సదానందం ఫోనుకు చేసి నాతో మాట్లాడింది. "అక్కా, ఈడ ఇడ్లీకి చెంచా ఇస్తరు. నేను చేతితోనే తింటున్న. జమున నా పక్కకే కూసుంటది, నాకు చెట్నీ ఏస్తది" అంది. మంచి మనసుతోనే చెప్పింది. దానికి అదొక రోగం, ఏది చెప్పినా మంచి మనసుతోనే చెబుతుంది. ఆ పూట నాకు అన్నం దిగలేదు.

ఇక నా వాదన రాయి సుజితా, తప్పులు లేకుండా రాయి.

మన కుమ్మరి కులంలో కుండ తిప్పే సారె మొగవాళ్లది. ఆడది సారెను ముట్టదు. మట్టి తవ్వి తేవడం, తొక్కడం, జల్లించడం, ఆరబెట్టడం ఆడవాళ్లది. కుండ గుండ్రంగా వస్తే మొగవాడి పేరు, అంచు పగిలితే ఆడదాని పేరు. మీ నాయిన సారె మీద పంతొమ్మిదేళ్లు కూర్చున్నాడు. ఆ పంతొమ్మిదేళ్లలో నా చేతి మీదుగా ఆరిన కుండల్లో అంచు పగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఊళ్లో ఏ పెళ్లి జరిగినా పందిట్లో పెట్టే ఐరేని కుండలు నెత్తిన పెట్టుకుని పోయింది నేను. డప్పులతో ఎదురువచ్చి, కాళ్లు కడిగి, చీర పెట్టి తీసుకుపోయేవాళ్లు. దొర ఇంటి పెళ్లికి కూడా నేను వచ్చేదాకా పందిట్లో పని మొదలయ్యేది కాదు. ఆ గౌరవం సారక్కకు ఒక్కనాడూ దక్కలేదు. దాని చేతి మీద ఆరిన కుండ ప్రతి నాలుగింట్లో ఒకటి అంచున పగిలేది. కొనేవాళ్లు కుండ ఎత్తి వేలితో కొట్టి చూసి, "ఇది పెద్దోనిదా, చిన్నోనిదా?" అని అడిగి తీసుకునేవాళ్లు. మీ నాయిన కుండలు పొద్దెక్కేసరికి అయిపోయేవి, గట్టయ్య కుండలు తట్టలో తిరిగి వచ్చేవి.

అలాంటి చేతిని ఏరికోరి తీసుకుపోయి తెల్ల కోటు తొడిగావు. ఇప్పుడు కొసలు పగులుతున్నాయంటే ఎవరి తప్పు? దాన్ని బస్సు ఎక్కించు. నన్ను పిలిపించు. స్టూలు వేస్తే కూర్చుని చేస్తాను, మోకాళ్లతో పని లేదు.

నీ దగ్గర ఏముంది అవ్వా అంత గొప్ప విద్య అంటావు. ఉంది. చెబుతాను విను. మీ సార్లు మంట ఎక్కువైంది అంటున్నారే, పగులు మంటలో పుట్టదు. ఆరేటప్పుడే పుడుతుంది. పచ్చిగా ఉన్నప్పుడు కంటికి కనబడదు, మంట దాన్ని బయటపెడుతుంది, అంతే. కుండ అంచు పలచన, దానికి రెండు వైపులా గాలి తగులుతుంది. కడుపు లావు, నేల మీద ఉంటుంది. అంచు ముందే ఆరిపోయి ముడుచుకుంటుంది. కడుపు ఇంకా తడిగా, లావుగా ఉంటుంది. ఒకటి ముడుచుకుంటానంటే ఇంకొకటి రానంటుంది, ఆ గుంజులాటలో అంచు చీలుతుంది. అందుకని సారె మీద నుంచి దింపిన కుండకు, అంచు చుట్టూ తడిగుడ్డ పెట్టాలి. కడుపు ఆరుతూ వచ్చి అంచును అందుకునేదాకా ఆ గుడ్డ ఉండాలి. రెండూ ఒక్క తీరుగా ముడుచుకుంటే పగులు ఉండదు. మీ గొట్టానికి కొసలే అంచులు. ఇంత చిన్న సంగతి మీ చదువులో లేదా?

మార్చి 12.

మొన్న ఇక్కడిదాకా చెప్పాను. సుజిత రాయడం ఆపి తల ఎత్తింది.

"పెద్దమ్మా, మరి సారక్క చిన్నమ్మకు ఈ గుడ్డ ముచ్చట తెల్వదా?"

"రాసేది రాయవే."

"కాదు, ఇద్దరు ఒక్క ఇంట్లనే ఉన్నరు గదా. ఒక్క కొట్టంలనే ఆరబెట్టిన్రు గదా. ఆమె చూడలేదా?"

ఈ పూటకు చాలు, ఇంటికి పొమ్మన్నాను. కాగితాలు మడిచి నా దగ్గరే పెట్టుకున్నాను.

ఆ మాటకు మూడు రోజులయింది. సుజితను మళ్లీ పిలిపించాను. మీ నాయినను పింఛను కాగితం మీద సంతకానికి పంపించి, తలుపు దగ్గరగా వేసి కూర్చున్నాం. ఈ ముచ్చట సువార్తమ్మకు చెప్పనని ఒట్టు పెట్టమన్నాను. "ఒట్టు పెట్టుకోవద్దని మా గ్రంథంల ఉన్నది పెద్దమ్మా. ఒట్టు లేకున్నా ఎవ్వలికి చెప్ప" అంది. సరే అన్నాను. నమ్మడం తప్ప నాకు ఇంకో దారి లేదు, అక్షరాలు ఆమె దగ్గర ఉన్నాయి.

మొన్న రాయించిన వాదన చింపేద్దామనుకున్నాను. చింపలేదు. అది కూడా నేను చెప్పిందే, ఉండనీ. నా కుండ ఎందుకు పగలలేదో గొప్పగా చెప్పుకున్నాను. చెప్పుకున్నాక దాని కుండ ఎందుకు పగిలిందో చెప్పకుండా తప్పించుకునే దారి లేదు. సుజిత అడిగిందని కాదు, రేపు నువ్వు అడుగుతావు.

సారక్కకు ఆ గుడ్డ సంగతి తెలియదు. నేను చెప్పలేదు.

మా అత్త సమ్మవ్వ ఆ విద్యను నాకు నేర్పింది. సారక్క కొత్త కోడలుగా వచ్చేసరికి ఆమెకు చూపు పోయింది. పెద్ద కోడలివి, చిన్నదానికి అన్నీ నువ్వే చూపించు అని నాకు అప్పగించింది. చూపించాను. నీడన పెట్టమని చెప్పాను. గాలి ఎటు నుంచి వస్తే ఎటు తిప్పాలో చెప్పాను. మట్టిలో బూడిద ఎంత, ఇసుక ఎంత, అన్నీ చెప్పాను. గుడ్డ ఒక్కటి చెప్పలేదు. అన్నీ చెప్పి ఒక్కటి దాచితే దాచినట్టు ఎవరికీ తెలియదు. అది నీళ్లకు పోయినప్పుడు గుడ్డలు పెట్టేదాన్ని. పొద్దున అది లేవకముందే విప్పి, నీ పక్కగుడ్డల్లో కలిపి ఆరేసేదాన్ని. పసిబిడ్డ ఉన్న ఇంట్లో తడిగుడ్డలు ఎవరు లెక్కపెడతారు? "పెద్దది అన్ని చెప్పిందానె?" అని అత్త అడిగితే, సారక్క, "అన్ని చెప్పింది అత్తమ్మా, అక్క మంచిగ చెప్తది" అనేది.

ఎందుకు దాచావని అడుగుతావు. దాని కుండలు బాగా వస్తాయనే భయంతో కాదు. అది నీ గురించిన ముచ్చట.

నీకంటే ముందు ఇద్దరు పోయారు నాకు. నిలిచిన మొదటి బిడ్డవు నువ్వు. సారక్క వచ్చేనాటికి నీకు రెండేళ్లు. నేను పొద్దున లేస్తే చెరువు మట్టికి పోవాలి, అది కొత్త కోడలని ఇంట్లో ఉండేది. నిన్ను ఎత్తుకునేది, పాట పాడేది, అన్నం పెట్టేది. ఒకనాడు మట్టి తట్ట దింపి, చేతులు కడుక్కుని వచ్చి నీకోసం చేతులు చాపాను. నువ్వు దాని చంకలో ఉన్నావు. ముఖం అటు తిప్పుకున్నావు. దాని మెడ గట్టిగా పట్టుకుని "అవ్వా" అన్నావు. దాన్ని అన్నావు, నన్ను కాదు. అది నవ్వుతూ, "నేను గాదు బిడ్డా, అగో మీ అవ్వ, అటు పో" అంది. నువ్వు పోనన్నావు. నా చేతులు అలాగే ఉన్నాయి. ఆ వారంలోనే అత్త నన్ను దానికి పని నేర్పమంది.

ఆ తర్వాత జరిగింది నువ్వు వినాలి. రెండేళ్లకు మన వాడకట్టులోనే ఒక పెళ్లి వచ్చింది. నాకు జ్వరం. ఐరేని కుండలు సారక్క ఆరబెట్టింది, అదే నెత్తిన పెట్టుకుని బయలుదేరింది. పందిట్లో దింపి బియ్యం పోయగానే పై కుండ అంచు చీలి ఊడిపోయింది. డప్పులు ఆగిపోయాయి. ముసలోళ్లు ముఖాలు చూసుకున్నారు. ఇంటికి వచ్చాక మా అత్త అందరి ముందూ, "దీని చెయ్యి మంచిది కాదు" అంది. ఒక్కసారే అంది. చాలింది.

ఆనాటి నుంచి సారక్క ఎవరి పసిబిడ్డనూ ఎత్తుకోలేదు. పురిటింటికి పోతే గుమ్మం బయటే కూర్చునేది, "నా చెయ్యి మంచిది కాదక్కా, మీరే ఎత్తుకోన్రి" అనేది. నిన్ను కూడా ఎత్తుకోవడం మానేసింది. నువ్వు దాని చీర కుచ్చిళ్లు పట్టుకుని ఏడ్చేదానివి. అది చేతులు వెనక పెట్టుకుని నిలబడేది. నువ్వు ఏడ్చి ఏడ్చి, చివరికి నా దగ్గరికి వచ్చేదానివి. నాకు కావలసింది అదే. అదే జరిగింది. నేను సంతోషపడ్డాను జమునా. ఇది దాచి ఉత్తరం పంపితే సగమే పంపినట్టు.

దానికి పిల్లలు కలగలేదు. అది కూడా చేతి మీదికే పోయింది. ఊళ్లో నవ్వులు పడలేక గట్టయ్య సారె మూలకు పెట్టి బొగ్గు బాయికి పోయాడు. తర్వాత మీ నాయిన కూడా పోయాడు, అది వేరే సంగతి, అప్పటికి స్టీలు బిందెలు వచ్చేశాయి, కుండలతో బతుకు నడవదని తెలిసిపోయింది. కానీ గట్టయ్య బాయికి పోయింది బిందెలు రావడం వల్ల కాదు. నాకు తెలుసు.

నీ ఉత్తరంలో 'నా చెయ్యే అంత బిడ్డా' అన్న మాట సుజిత చదివినప్పుడు నేను బియ్యం ఏరుతున్నాను. మొదట ఏమనిపించిందో నిజం చెబుతాను. మంచిగైంది, రానీ వాపస్, అనిపించింది. సుజితను మళ్లీ చదవమన్నాను, ఇంకోసారి సంతోషపడదామని. రెండోసారి చదివేసరికి అది చేతులు వెనక పెట్టుకుని నిలబడటం కళ్లకు కట్టింది. ముప్పై ఎనిమిదేళ్ల తర్వాత, పట్నంలో, తెల్ల కోటులో, ఆ పెద్ద చదువుల వాళ్ల మధ్య ఇంకా నా అబద్ధం మోస్తూ తిరుగుతోంది. అంత దూరం పోతుందని నేను అనుకోలేదు.

నిన్న మీ నాయినకు చెప్పాను. అన్నం ముందర కూర్చున్నాడు.

"గుడ్డ ముచ్చట సారక్కకు చెప్పలేదు నేను" అన్నాను.

"ఏ గుడ్డ?"

"అంచు గుడ్డ. కుండలకు."

కలిపిన ముద్దను కంచంలో పెట్టేశాడు. "మా అవ్వ నీకు చెప్పమన్నది గదనే. నేను అక్కడనే ఉన్న" అన్నాడు.

"అన్నది."

"మా తమ్ముడు సారె ఇడిచిపెట్టి పోయిననాడు నువ్వే సద్ది కట్టిచ్చినవు."

"కట్టిచ్చిన."

కంచం ముందుకు జరిపి లేచాడు. కోపం చేస్తే బాగుండేది, చేయలేదు. చాయ్ హోటలు దగ్గర పొద్దుగూకేదాకా కూర్చుని వచ్చాడు. ఇవాళ నాతో నాలుగు మాటలు మాట్లాడాడు, నాలుగూ పింఛను కాగితం గురించే. మాట్లాడనీ, మానేయనీ. అది నేను పడాల్సిందే.

ఇప్పుడు పని చెబుతాను, జాగ్రత్తగా విను. నాకు మనసు కరిగి చెబుతున్నాననుకోవద్దు. నీ గొట్టాలు నిలవాలి, నా మాటతో నిలవాలి.

గొట్టం పచ్చిగా దింపిన వెంటనే రెండు కొసలకూ తడిగుడ్డ చుట్టించు. కొత్త గుడ్డ పనికిరాదు, దాంట్లో గంజి ఉంటుంది. పాత నూలు చీర ముక్క, బాగా ఉతికింది, నీళ్లలో ముంచి చుక్క కారకుండా పిండి చుట్టాలి. నీళ్లు కారితే కొస మెత్తబడి కూలుతుంది. బిగించవద్దు, కప్పినట్టు ఉండాలి. ఆరబెట్టే పెట్టెలో ఫ్యాను తిరుగుతుందని రాశావు, ఆ ఫ్యాను ఆపించు. మీ సార్లు ఒప్పుకోకపోతే పది గొట్టాలకే చేసి చూపించు. మధ్యమధ్య గుడ్డ తడి చూసుకుంటూ ఉండాలి, అది పూర్తిగా ఆరిందంటే పెట్టనట్టే.

గుడ్డ ఎప్పుడు తీయాలన్నది అసలు విద్య. గడియారం చూసి తీసేది కాదు. గొట్టం నడుమ భాగాన్ని చెంపకు ఆనించాలి. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టు. చల్లదనం పోయి, చెంపకు ఏమీ తెలియనప్పుడు గుడ్డ విప్పాలి. చేతికి తెలియదు, చెంపకే తెలుస్తుంది. మీ డిప్లొమా పిల్లలు నవ్వుతారు, నవ్వనీ. నువ్వు చేయవద్దు, వాళ్ల చేత చేయించవద్దు. సారక్కే చేయాలి. పచ్చి మట్టిని చెంపకు ఆనించి కూడా నొక్కు పడకుండా తీయడం దానికే వస్తుంది. దాని వేళ్లు పొడుగు, సారెకు పుట్టిన వేళ్లని మా అత్త మొదట్లోనే అంది. అది కూడా నాకు కిట్టలేదు. ఇప్పుడూ కిట్టదు, కానీ నిజం.

దాన్ని పంపించి నన్ను పిలిపించుకో అన్న మాట కొట్టేస్తున్నాను. దాన్ని అక్కడే ఉంచుకో. నన్ను ఎప్పుడైనా పిలిస్తే వస్తాను. పిలవకపోతే పిలవలేదని అడుగుతూనే ఉంటాను, ఆ అడగడం మాత్రం నేను మానను.

ఇంకొక మాట. గుడ్డ సంగతి ఒక్కటే దానికి చెప్పి, మిగతాది నీ దగ్గరే దాచుకుందామని చూస్తావు. నీది మెత్తటి మనసు. మా అవ్వకు ఇప్పుడే గుర్తొచ్చింది చిన్నమ్మా అని ఏదో కథ చెబుతావు. వద్దు. పగిలిన కుండకు కారణం తెలియకపోతే తన చేతిలో తప్పు లేదని అది ఎన్నటికీ నమ్మదు. ఈ ఉత్తరం మొత్తం దానికి చదివి వినిపించు. ల్యాబులో వద్దు, పదిమందిలో వద్దు. నీ ఇంట్లో, మీ ఇద్దరే ఉన్నప్పుడు. ఒక్క ముక్క వదలవద్దు, నేను సంతోషపడ్డాను అన్నది కూడా చదువు. అది నన్ను తిడితే తిట్లన్నీ నాకు రాసి పంపు. తిట్టకపోతే, దానికి తిట్టడం రాదు, తిట్టలేదని రాసి పంపు.

వినగానే అది ఏం చేస్తుందో నాకు తెలుసు. రెండు చేతులూ ముందుకు తెచ్చి చూసుకుంటుంది. ఎంతసేపు చూసుకున్నా చూసుకోనీ. తర్వాత ఏడుస్తుంది. అది ఏడిస్తే నువ్వు దాన్ని దగ్గరికి తీసుకుంటావు. అప్పుడు అది కూడా నిన్ను పట్టుకుంటుంది, భయం లేకుండా, రెండు చేతులతో. నేను ఇక్కడ కూర్చుని ఆ సంగతి తలచుకుంటున్నాను. అబద్ధమెందుకు, ఈ క్షణాన ఈ కాగితం లాక్కుని పొయ్యిలో పెట్టాలని ఉంది. నా చెయ్యి అటు పోకముందే సుజితను లేపి, పరుగున పోయి కొరియరు వాడికి ఇవ్వమంటున్నాను.

ఇట్లు,
నిన్ను కన్న అవ్వ,
లింగవ్వ.